ల్యాప్‌టాప్ కెమెరా స్లైడర్: కన్ను మూస్తుంది, చెవి మూయదు

ఆన్‌లైన్‌లో మూడేసి చొప్పున అమ్మే చిన్న ప్లాస్టిక్ మూత ఇది. వెనక గమ్ ఉంటుంది. కెమెరా మీద అంటించి, అక్కర్లేనప్పుడు వేలితో జరిపి మూసేయడమే. ఐదుకు మూడు మార్కులు. చెప్పిన పని చేస్తుంది గానీ, కొనేవాళ్లు దీన్నుంచి ఆశించే రక్షణ మాత్రం ఇందులో లేదు.

ముందు మందం చూడండి. ఇవి చాలావరకు 0.7 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటాయి. మ్యాక్‌బుక్‌కు 0.1 మిల్లీమీటరు, అంటే మామూలు ప్రింటర్ కాగితమంత మందం దాటకూడదని ఆపిల్ చెబుతోంది. దాటితే ల్యాప్‌టాప్ మూసే ముందు తీసేయాలి. తీయకుండా బ్యాగులో పెడితే బరువంతా ఆ ఒక్క చోటే పడి తెర పగలొచ్చు. మ్యాక్‌బుక్ ఉన్నవాళ్లు ఇది కొనొద్దు. పేపర్ టేప్ ముక్క చాలు, దాని నడుమ చిన్న కాగితం అతికిస్తే జిగురు లెన్స్‌కు తగలదు. మూసేటప్పుడు అదీ తీసేయండి.

మిగతావాళ్లు తెర అంచును పొడిగుడ్డతో తుడిచి, కెమెరా యాప్ ఆన్ చేసి, స్లైడర్ తెరిచిన స్థితిలో లెన్స్ సరిగ్గా రంధ్రం నడుమకు వచ్చేలా పెట్టి 15 సెకన్లు నొక్కి పట్టండి. పక్కనున్న లైట్ సెన్సర్‌ను కప్పితే తెర వెలుతురు దానంతటదే తగ్గిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాను కప్పితే ముఖంతో లాగిన్ అవదు. చివరగా స్లైడర్ మూసి ఎదురుగా ఫోన్ టార్చ్ వేయండి. యాప్‌లో అంచుల నుంచి వెలుతురు కనబడితే మళ్లీ అంటించాల్సిందే.

కెమెరా భయం ఉత్తిదేం కాదు. దూరం నుంచి కెమెరా ఆన్ చేయగల బ్లాక్‌షేడ్స్ అనే మాల్వేర్ (కంప్యూటర్‌కు హాని చేసే సాఫ్ట్‌వేర్) 40 డాలర్లకే దొరికేది. 2014లో పలు దేశాల పోలీసులు కలిసి దాన్ని అమ్మేవాళ్ల, వాడేవాళ్ల మీద దాడులు చేశారు. దాదాపు 2008 వరకు వచ్చిన పాత మ్యాక్‌బుక్‌లలో పక్కన లైటు వెలగకుండానే కెమెరా నడపొచ్చని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు చేసి చూపించారు. 2016లో బయటికొచ్చిన ఫొటోలో ఫేస్‌బుక్ అధినేత జుకర్‌బర్గ్ ల్యాప్‌టాప్‌కు కెమెరా మీదే కాదు, మైక్ దగ్గరా టేప్ ఉంది. ఈ స్లైడర్ మైక్‌ను ఏమీ చేయలేదు.

పైగా మాల్వేర్‌తో మీ కంప్యూటర్ లోపలికి వచ్చినవాడికి మీ ముఖం కన్నా మీ కీబోర్డు ముఖ్యం. కొట్టే పాస్‌వర్డులు, బ్రౌజర్‌లో సేవ్ చేసినవి, బ్యాంకు ఓటీపీ వచ్చే మెయిల్, అన్నీ వాడి చేతికి పోతాయి. ఇలాంటివాటికి దారి ఇచ్చేవి డబ్బు కట్టకుండా వాడేలా క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, తెలియని అటాచ్‌మెంట్లు, కేవైసీ పేరుతో ఫోన్ చేసి ఇన్‌స్టాల్ చేయించే, దూరం నుంచి మీ కంప్యూటర్‌ను నడిపే రిమోట్ యాప్‌లు. విండోస్ 11లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, కెమెరా అనే వరుసలో వెళ్లి ఏ యాప్‌లకు అనుమతి ఉందో చూడండి. మైక్రోఫోన్ పేజీలోనూ అంతే. మాల్వేర్ ఈ అనుమతులను తప్పించుకోగలదు కాబట్టి విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ (విండోస్ మొదలవక ముందే మాల్వేర్ కోసం వెతికేది) కూడా నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, ముందే పని సేవ్ చేసుకోండి.

'నీ వీడియో నా దగ్గర ఉంది' అంటూ మీ పాత పాస్‌వర్డు చూపించి బిట్‌కాయిన్ అడిగే మెయిల్ వస్తే బెదిరిపోకండి. ఆ పాస్‌వర్డు సాధారణంగా ఎప్పుడో ఏదో వెబ్‌సైట్ నుంచి లీకైనదే, కెమెరాతో సంబంధం ఉండదు. డబ్బు పంపకండి, జవాబివ్వకండి. ఆ పాస్‌వర్డు ఇంకా ఎక్కడెక్కడ వాడుతున్నారో అక్కడల్లా మార్చి, పాస్‌వర్డుతో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. డబ్బు ఇప్పటికే పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.