డాట్ కామా, డాట్ షాపా?

ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్ముదామనుకుంటే మొదటి చిక్కు వెబ్‌సైట్ పేరుతోనే. మంచి డాట్ కామ్ పేర్లు ఎప్పుడో అయిపోయాయి. 2012లో ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ (ICANN) సంస్థ దరఖాస్తులు పిలిచాక, పేరు చివర పెట్టుకునే షాప్, స్టోర్, ఆన్‌లైన్ లాంటి కొత్త తోకలు వందలకొద్దీ వచ్చాయి.

ఖర్చు: డాట్ కామ్ నడిపే సంస్థ టోకు ధర పెంచాలంటే ఐకాన్‌తో ఒప్పందంలోనే హద్దుంది. డాట్ షాప్ మొదటి ఏడాది టీ, టిఫిన్ డబ్బులకే వస్తుంది. రెన్యువల్‌కి అంతకు ఎన్నో రెట్లు పడొచ్చు, దానికి అలాంటి హద్దేమీ లేదు. ఆఫర్ కాదు, రెండో ఏడాది ధర చూసి కొనండి.

పేరు: కామ్‌లో ‘గుంటూరుగోంగూరపచ్చళ్లు’ అని సాగదీయాలి. షాప్‌లో ‘గోంగూర’ దొరికినా దొరకొచ్చు.

నోటిమాట: ఫోన్లో డాట్ షాప్ అని చెప్పి చూడండి. “షాప్ తర్వాత డాట్ కామ్ కొట్టాలా అండీ?” అంటారు. ఆ కామ్ ఇంకొకరిదైతే మీ బేరం వాళ్ల గుమ్మంలోకే.

గూగుల్ ర్యాంకు: తేడా లేదు.

మెయిల్: చవక తోకల్ని స్పామర్లూ వాడతారు, కొన్ని ఫిల్టర్లు అనుమానిస్తాయి.

హోల్‌సేల్ వాళ్లకి మెయిల్లో బిల్లులు పంపేవాళ్లు కామ్, లేదంటే డాట్ ఇన్ తీసుకోండి. ఇన్‌స్టా లింకు నొక్కి వచ్చేవాళ్లే ఎక్కువైతే షాప్ చాలు.