బొల్లారం టు రాణీఖేత్: కుమాయూ రెజిమెంట్ దారిలో

భారత సైన్యంలోని కుమాయూ రెజిమెంట్ కేంద్రం ఉత్తరాఖండ్ కొండల్లోని రాణీఖేత్‌లో ఉంది. అందుకే దాని పేరు చెప్పగానే హిమాలయాలు గుర్తొస్తాయి గానీ, దాని వేర్లు నిజాం రాజ్యంలో ఉన్నాయి. 1813లో రెసిడెంట్ (నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధి) హెన్రీ రస్సెల్ హైదరాబాద్‌లో నిలబెట్టిన రస్సెల్ బ్రిగేడ్ ఆ వేర్లలో ఒకటి. తర్వాత అది హైదరాబాద్ కంటింజెంట్ (బ్రిటిష్ అధికారుల కింద నడిచిన నిజాం సేన), 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్. అప్పటికి సిపాయిల్లో ఉత్తరాదివాళ్లే ఎక్కువ, అందుకే 1945లో పేరు కుమాయూగా మారింది.

వరంగల్ వాళ్లు ముందు బొల్లారం చూడాలి. కంటింజెంట్ దండు ఉన్న చోటు అది. ఒకప్పటి రెసిడెన్సీ బంగళాయే నేటి రాష్ట్రపతి నిలయం. సోమవారం మూసేస్తారు, ఆన్‌లైన్‌లో స్లాట్ తీసుకుని వెళ్లండి. తోట బాగుంటుంది గానీ రెజిమెంట్ చరిత్ర కోసం ఇదొక్కటే చూస్తే ఆకలి తీరదు.

కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున న్యూఢిల్లీ. రాణీఖేత్‌కు దిగాల్సిన స్టేషన్ కాఠ్‌గోదాం. అక్కడికి వెళ్లే రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ రాత్రికి, అదీ పాత ఢిల్లీ స్టేషన్ నుంచి. స్టేషన్ పేరు సరిగ్గా చూసుకోకపోతే బండి తప్పుతుంది. న్యూఢిల్లీ నుంచి మెట్రో ఎల్లో లైన్‌లో రెండో స్టాప్ చాందినీ చౌక్‌లో దిగాలి, పాత ఢిల్లీ స్టేషన్ పక్కనే. సామాను క్లోక్‌రూంలో పెట్టి, పగలంతా ఇండియా గేట్ దగ్గరి జాతీయ యుద్ధ స్మారకానికి ఇవ్వండి. టికెట్ లేదు. పరమవీర చక్ర గ్రహీతల విగ్రహాలున్న పరమ్ యోధా స్థల్‌లో మేజర్ సోమనాథ్ శర్మ విగ్రహం ముందు ఆగాల్సిందే. 1947 నవంబర్ 3న బడ్గాంలో ప్రాణమిచ్చి తొలి పరమవీర చక్ర పొందిన ఆయన 1942లో సైన్యంలో చేరింది హైదరాబాద్ రెజిమెంట్ అధికారిగానే! 1962 చైనా యుద్ధంలో లద్దాఖ్‌లోని రెజాంగ్ లా కనుమ దగ్గర పోరాడిన కుమాయూ రెజిమెంట్ వీరుడు షైతాన్ సింగ్ విగ్రహమూ అక్కడే.

కాఠ్‌గోదాం నుంచి రాణీఖేత్ సుమారు 80 కిలోమీటర్లు, మూడు గంటల పైమాటే. షేర్ టాక్సీ నిండితేనే కదులుతుంది, కాబట్టి రైలు దిగగానే పట్టుకోండి. మలుపులకు కడుపు తిప్పుతుంది. ముందు సీటు అడగండి, పూరీలు వద్దు. వానాకాలం గరంపానీ దగ్గర కొండచరియలు విరిగి దారి మూసుకుపోతుంది. అక్టోబర్, నవంబర్ మేలు, నందాదేవి కూడా తేటగా కనిపిస్తుంది.

బసకు ప్రభుత్వ కుమాయూ మండల్ వికాస్ నిగమ్ గెస్ట్‌హౌస్‌లు నయం. చిలియానౌలాలోది మంచుకొండల వైపు ఉంటుంది గానీ బజారుకు దూరం. రెజిమెంట్ కేంద్రం, మ్యూజియం కోసమే వస్తే ఊళ్లోనే దిగండి. మ్యూజియం సైన్యం చేతిలో ఉంది, వేళలు ముందురోజే కనుక్కోండి. ఒరిజినల్ ఆధార్ దగ్గరుంచుకోండి. కంటోన్మెంట్‌లో అడగకుండా ఫొటోలు తీయొద్దు.