‘మనిషితో సమానం’ అన్న కృత్రిమ మేధ సేవ: ఆరు నెలల వాడకం తర్వాత

కస్టమర్ల ఉత్తరాలకు జవాబులు రాయడానికి, సరఫరాదారులతో కుదిరే ఒప్పందాలను చదివి సారాంశం ఇవ్వడానికి మా సంస్థ ఆరు నెలల క్రితం ఒక కృత్రిమ మేధ సేవకు చందా కట్టింది. అమ్మకానికి వచ్చిన ప్రతినిధి దీన్ని మనిషితో సమానంగా పనిచేసే ఉద్యోగి అని పరిచయం చేశారు. ఆ మాటనే కొలబద్దగా పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాను.

ఒప్పందాలు చదవడంలో ఈ సేవ నిజంగా గొప్పది. నలభై పేజీల పత్రం ఇస్తే చెల్లింపు గడువులు, జరిమానా షరతులు, రద్దు నిబంధనలు ఏ పేజీలో ఉన్నాయో నిమిషంలోపే చూపిస్తుంది. పేజీ సంఖ్య కూడా ఇస్తుంది కనుక సరిచూసుకోవడం తేలిక. ఉత్తరాల ముసాయిదాల విషయంలో మాత్రం కొత్తగా చేరినవారికి అందినంత సాయం అనుభవజ్ఞులకు అందలేదు. కస్టమర్ సేవలో ఉన్న 5 వేల మందికి పైగా ఉద్యోగులను పరిశీలించి 2023లో వెలువరించిన ఒక అధ్యయనంలోనూ ఇదే కనిపించింది: కృత్రిమ మేధ సాయంతో సగటు ఉత్పాదకత సుమారు 14 శాతం పెరగగా, కొత్తవారిలో ఆ పెరుగుదల 34 శాతం దాకా వెళ్లింది, ఆరితేరినవారిలో దాదాపు ఏమీ లేదు.

మూడో నెలలో మేము తప్పు చేశాము. ముసాయిదాలు బాగుంటున్నాయన్న ధీమాతో రెండు వారాలపాటు జవాబులను తనిఖీ లేకుండానే పంపనిచ్చాము. వస్తువు వాపసు గడువు గురించి అడిగిన ఒక కస్టమరుకు, మా నిబంధనల్లో ఎక్కడా లేని వెసులుబాటును ఈ సేవ ఎంతో మర్యాదగా, ఏ సందేహమూ ధ్వనించకుండా రాసి పంపింది. మాట మా పేరుతో వెళ్లింది కనుక దానికి కట్టుబడ్డాము. 2024లో కెనడాలోని ఒక ట్రైబ్యునల్ ఎయిర్ కెనడా కేసులో, చాట్‌బాట్ చెప్పిన తప్పు సమాచారానికి విమానయాన సంస్థే బాధ్యురాలని తేల్చింది. యంత్రం రాసినా జవాబుదారీ యజమానే.

తప్పు జరగడం కంటే, దిద్దినా అది నేర్చుకోకపోవడం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. సోమవారం సరిదిద్దిన పొరపాటే మరుసటి వారం తిరిగి వచ్చింది, ఎందుకంటే మేము దిద్దినంత మాత్రాన జవాబులు తయారుచేసే లోపలి నమూనా (మోడల్) మారదు. ప్రతి దిద్దుబాటునూ సూచనల పత్రంలో మేమే విడిగా చేర్చవలసి వచ్చింది. పనిలో చేరిన మనిషి మూడు నెలల్లో ఏ కస్టమరుతో ఎలా మాట్లాడాలో, తనకు తెలియనప్పుడు ఎవరిని అడగాలో గ్రహిస్తాడు. 1997లో చదరంగంలో, 2016లో గో అనే బల్ల ఆటలో యంత్రాలు మేటి ఆటగాళ్లను ఓడించాయి, కానీ వాటిలో నియమాలు స్థిరం, గెలుపోటములు స్పష్టం. వ్యాపారంలో సరైన జవాబేదో నెలలు గడిచాక గానీ తేలని సందర్భాలే ఎక్కువ. యంత్రాలు 20 ఏళ్లలో మనిషి చేసే ఏ పనైనా చేయగలవని కృత్రిమ మేధ తొలి పరిశోధకుల్లో ఒకరైన హెర్బర్ట్ సైమన్ 1965లోనే అంచనా వేశారు, ఆ గడువులోగా అది జరగలేదు. కనుక ఇలాంటి గడువుల మాట నమ్మి సిబ్బందిని తగ్గించుకోవడం తొందరపాటని నా అభిప్రాయం.

ఐదుకు మూడున్నర ఇస్తాను. ఒప్పందాల పనికీ ముసాయిదాలకూ చందా కొనసాగించాము, నేరుగా జవాబులు పంపే సదుపాయాన్ని నిలిపివేశాము. కొనదలచినవారు మీ సొంత పత్రాల్లో జవాబు లేని ప్రశ్నను ప్రదర్శన సమయంలోనే అడిగి చూడండి. అది ఆగి మనిషికి అప్పగిస్తుందా, అల్లి చెబుతుందా అన్నది అక్కడే తెలుస్తుంది.