రిసరెక్షన్ ఎగ్స్: సెట్ బాగుంది, తెరిచే పద్ధతే మార్చాలి

పిల్లలకు ఈస్టర్ కథ చెప్పడానికి అమెరికాలోని ఫ్యామిలీలైఫ్ అనే క్రైస్తవ సంస్థ తెచ్చిన సెట్ ఇది. గుడ్ల అట్టపెట్టెలో 12 రంగురంగుల ప్లాస్టిక్ గుడ్లు, ఒక్కో దాంట్లో యేసు శ్రమలను గుర్తుచేసే బుల్లి వస్తువు. గాడిద, వెండి నాణేలు, గిన్నె, ప్రార్థించే చేతులు, కొరడా, ముళ్ల కిరీటం, మేకులు, పాచికలు, ఈటె, నారబట్ట, రాయి వరసగా వస్తాయి. పన్నెండోది ఖాళీ. ఆ ఖాళీ గుడ్డే ఈ సెట్‌కు ప్రాణం. ఖాళీ సమాధిని ఐదేళ్ల పిల్లకు ఇంతకంటే తేలిగ్గా చేతిలో పెట్టి చూపించలేం.

చిక్కల్లా తెరవడంలో ఉంది. చాలామంది ఈస్టర్ రోజుతో కలిపి 12 రోజులు వచ్చేలా మొదలుపెట్టి రోజుకొకటి తెరుస్తారు. 2027లో ఈస్టర్ మార్చి 28. ఆ లెక్కన మార్చి 17, బుధవారం నాడు గాడిద బయటికొస్తుంది. మట్టల ఆదివారం, 21న, పిల్లలు గుడిలో మట్టలూపి హోసన్నా పాడి వచ్చేసరికి ఇంట్లో కొరడా వంతు. ప్రభురాత్రి భోజనం జరిగిన గురువారానికి ఈటె వచ్చేస్తుంది! గుడిలో ఒక కథ, ఇంట్లో ఇంకో కథ అయితే పిల్లలకు తల తిరుగుతుంది.

కాబట్టి ఏ రోజు జరిగింది ఆ రోజే తెరవండి. యేసు గాడిదనెక్కి యెరూషలేముకు వచ్చిన మట్టల ఆదివారం గాడిద. బుధవారం, యేసును అప్పగించడానికి యూదా తీసుకున్న ముప్పై వెండి నాణేలు. గురువారం రాత్రి భోజనాలయ్యాక గిన్నె, ప్రార్థించే చేతులు. శుక్రవారం ఆరాధన నుంచి వచ్చాక కొరడా నుంచి ఈటె వరకు ఐదు, పొద్దుగూకాక నారబట్ట, రాయి. శనివారం ఏదీ తెరవొద్దు. పిల్లలు గొడవ చేస్తారు, చేయనివ్వండి. శిష్యులు కూడా ఆ రోజు ఏం జరుగుతుందో తెలియకుండానే గడిపారు కదా. ఖాళీ గుడ్డు ఆదివారం తెల్లవారుజామున, సూర్యోదయ ఆరాధనకో సమాధుల తోటకో వెళ్లొచ్చిన వెంటనే.

శుక్రవారం ఏడు గుడ్లంటే ఆరేళ్లలోపు వాళ్లకు ఎక్కువే. వాళ్లకు కిరీటం, మేకులు, రాయి చాలు. పెద్ద పిల్లలకైనా కొరడా దగ్గర వివరాల్లోకి వెళ్లకుండా ‘కొట్టారు’ అని చెప్పి ముందుకు సాగండి.

పాచికల గుడ్డు తెలుగు పిల్లలకు అతకదు. మన బైబిల్లో, యోహాను 19:24లో, సైనికులు అంగీ కోసం చీట్లు వేశారనే ఉంది. పాచికలు చూస్తే పిల్లలకు వైకుంఠపాళి గుర్తొస్తుంది. అవి తీసేసి నాలుగు మడత చీట్లు పెట్టండి, ఒకదాని మీద గుర్తు వేసి. నాలుగే ఎందుకంటే, ముందు వచనంలోనే బట్టలను నాలుగు భాగాలు చేశారని ఉంది, సైనికుడికి ఒకటి చొప్పున. నాణేల విషయంలో ముప్పై అనే అంకె నోటితో చెప్పాల్సిందే, గుడ్డులో అన్ని పట్టవు. ఇక గుడ్ల సెట్‌లో కోడి లేకపోవడం విచిత్రం. కోడి కూసేలోపు యేసు ఎవరో తెలియదని పేతురు మూడుసార్లు బొంకడం పిల్లలు మరిచిపోని ఘట్టం. ప్రార్థించే చేతుల గుడ్డులోనే ఒక కోడి ఈక దూర్చండి.

అమెరికాలో ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. వెంట వచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. ఆంధ్రా, తెలంగాణల్లో ఉన్నవాళ్లు తెప్పించుకోవడం దండగ, ఇంట్లోనే అవుతుంది. ప్లాస్టిక్ గుడ్లు దొరక్కపోతే 12 ఖాళీ అగ్గిపెట్టెలు చాలు. గాడిదకు బదులు గుడిలో ఇచ్చిన మట్టలోంచి చిన్న ముక్క. కిరీటానికి నిజం ముళ్లు వద్దు, విరిగి వేళ్లలో దిగుతాయి. సన్నని రాగి తీగను వేలికి మూడు చుట్లు చుట్టి కొసలు బయటికి వంచండి. నారబట్టకు నాలుగంగుళాల పాత పంచె ముక్క. రాయి చింతగింజంతే ఉండాలి, పెద్దదైతే పెట్టె మూతపడదు. అంకెలు పెట్టె అడుగున రాయండి, లేకపోతే రెండో ఏటికి వరస తారుమారవుతుంది. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో నాణేలు, మేకులు, రాయి పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. నోట్లో పెట్టుకుంటే గొంతుకడ్డం పడతాయి.

ఆదివారం ఉదయం ఖాళీ గుడ్డు చూసి ‘ఇందులో ఏం లేదు’ అని పిల్లలు మొహం వేలాడేస్తారు. వెంటనే వివరించకండి. నారబట్ట, రాయి గుడ్లను పక్కన తెరిచి పెట్టి, చదవడం వచ్చిన పిల్లతో మత్తయి 28:6, ‘ఆయన ఇక్కడ లేడు, లేచాడు’ అనే వచనం, చదివించండి. కొందరు జాలిపడి ఆ గుడ్డులో చాక్లెట్ దాస్తారు. ఇవ్వాలనుంటే చేతికివ్వండి, ఆ గుడ్డులో మాత్రం పెట్టొద్దు.