ట్యూబ్ లగ్గా, బాక్స్ లగ్గా? డ్రమ్ కొనేటప్పుడు ఏది మేలు?

చర్చికో, ఆర్కెస్ట్రాకో డ్రమ్ సెట్ తేవాలని కర్నూలు నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో పోయినవాళ్లు రంగు చూస్తారు, సైజులు అడుగుతారు, ధర దగ్గర బేరమాడతారు. షెల్ (డ్రమ్ గుండ్రటి ఒళ్లు) పక్కన బిగించి ఉండే లగ్‌ల దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. కర్ర తగిలే పొర హెడ్, దాని అంచును నొక్కిపట్టే లోహపు చుట్టు రిమ్. ఆ రిమ్ మీదుగా హెడ్‌ను లాగిపట్టే టెన్షన్ రాడ్ మర ఎక్కేది ఆ లగ్‌లోకే. సన్నని గొట్టంలా ఉంటే ట్యూబ్ లగ్, చిన్న పెట్టెలా ఉంటే బాక్స్ లగ్. అది చెడితే ఎంత మంచి హెడ్ వేసినా ట్యూనింగ్ నిలవదు.

సౌండ్ సంగతి ముందే తేల్చేద్దాం. షెల్ మీద లోహం బరువు పెరిగితే దాని కంపనం కొంచెం తగ్గుతుంది, మోత కాస్త త్వరగా అణుగుతుంది. సన్నని ట్యూబ్ లగ్ ఉన్న స్నేర్ (అడుగున తీగలుండే చిన్న డ్రమ్), బరువైన బాక్స్ లగ్ ఉన్న స్నేర్ పక్కపక్కన పెట్టి, చెవి దగ్గర వాయిస్తే ఈ తేడా పట్టుకోవచ్చు. మైకు పెట్టి, హాల్లో స్పీకర్ల మీదుగా వింటే పట్టుకోలేరు. హెడ్, షెల్ అంచు, రిమ్ మందం, ఈ మూడింటి తర్వాతే సౌండ్‌లో లగ్ వంతు. "ఈ లగ్ వల్లే దెబ్బకు ఇంత పంచ్" అని అమ్మేవాడు చెబితే నవ్వి ఊరుకోండి.

లగ్‌లు ఎన్ని అన్నది మాత్రం నిజంగా లెక్కలోకి వస్తుంది. 14 అంగుళాల స్నేర్‌కు 10 లగ్‌లుంటే ఒకదానికీ ఇంకోదానికీ సుమారు 4.4 అంగుళాల దూరం, 8 ఉంటే 5.5. పది ఉంటే పై స్వరంలో హెడ్ సమంగా బిగుసుకుంటుంది, కాకపోతే ట్యూన్ చేయడానికి రెండు రాడ్లు అదనం. చవక సెట్లలో 16 అంగుళాల ఫ్లోర్ టామ్‌కు (కాళ్ల మీద నేలపై నిలబెట్టే పెద్ద డ్రమ్) 6 లగ్‌లే పెడతారు, అంటే ఒక్కో సందు 8 అంగుళాల పైనే. కింది స్వరానికి దించితే ఆ సందుల్లో హెడ్ ముడతలు పడి గరగరమంటుంది. 8 లగ్‌ల టామ్ దొరికితే లగ్ ఆకారం గురించి ఆలోచించకుండా అదే తీసుకోండి.

బాక్స్ లగ్ లోపల కదిలే నట్టు ఉంటుంది. రిమ్ కాస్త అటూ ఇటూ ఉన్నా, రాడ్ కొంచెం వాలుగా దిగినా, నట్టు దానికి తగ్గట్టు తిరిగి మరను కాపాడుతుంది. ఇక్కడ రిమ్‌లు సొట్టపడటం, వేరే కంపెనీ రిమ్ తెచ్చి వేయడం మామూలే కాబట్టి ఇది పెద్ద లాభం. దీని రోగం వేరే: పాతకాలపు బాక్స్ లగ్‌లలో నట్టును స్ప్రింగ్ పట్టి ఉంచుతుంది. టామ్ కొట్టినప్పుడల్లా ఆ స్ప్రింగ్ లోపల జుయ్‌మంటుంది. హెడ్ విప్పి షెల్‌ను వేలి కణుపుతో కొడితే ఏ లగ్ మోగుతోందో తెలుస్తుంది. దాని స్క్రూలు విప్పి స్ప్రింగ్ చుట్టూ దూదో, సన్నని ఫోమో కూరితే ఆగిపోతుంది. ఇంకొకటి, ఇవి ఎక్కువగా జింక్ కలిసిన పోత లోహం. లోపలి స్క్రూను బలం కొద్దీ బిగిస్తే లగ్‌లో మర ఊడిపోతుంది, మళ్లీ పట్టదు.

ట్యూబ్ లగ్ చూడ్డానికి అందం. షెల్ రంగు, చెక్క గీతలు దాచకుండా సన్నగా నిలబడుతుంది. లుడ్విగ్ బ్లాక్ బ్యూటీ లాంటి స్నేర్ల మీద దాని దర్జా వేరు. పైరాడ్, కిందిరాడ్ ఒకే గొట్టంలోకి ఎదురెదురుగా లాగుతాయి కాబట్టి ఆ లాగుడు చాలావరకు గొట్టంలోనే సరిపోతుంది, షెల్‌కు బిగించిన స్క్రూ మీద భారం తక్కువ. పైనొకటి కిందొకటి విడివిడి లగ్‌లైతే ఒక్కోదాని లాగుడంతా దాని స్క్రూలే మోయాలి. మెత్తటి ప్లైవుడ్ షెల్ అయితే కాలం గడిచేకొద్దీ రంధ్రం సాగుతుంది. లోపల వెడల్పాటి వాషర్ వేస్తే కొంత ఆగుతుంది.

అయితే చాలా ట్యూబ్ లగ్‌లలో కదిలే నట్టు ఉండదు. రిమ్ సరిగ్గా కూర్చోకపోతే రాడ్ అడ్డంగా ఎక్కి మర పాడవుతుంది. అందుకే మొదటి మూడు చుట్లు కీ (రాడ్ తల తిప్పే చిన్న పనిముట్టు) వేయకుండా వేళ్లతోనే తిప్పాలి. వేళ్లతో తిరగకపోతే వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. ఒకే స్క్రూ మీదున్న లగ్, రాడ్లు తీయగానే పక్కకు తిరుగుతుంది, నిలువుగా సరిచేశాకే రిమ్ పెట్టండి.

ట్యూబ్ లగ్‌లో ఎక్కువమందిని తికమకపెట్టేది పొడవు రాడ్లు. స్నేర్‌కు 42 మి.మీ. రాడ్లు కావాల్సిన చోట 52 మి.మీ.వి వేస్తే పైదీ కిందదీ గొట్టం మధ్యలో తల కొట్టుకుంటాయి. కీ గట్టిగా అడ్డుకుంటుంది, హెడ్ మాత్రం వదులుగానే ఉంటుంది. ఆ లగ్ కిందిరాడ్ విప్పి పైది తిప్పి చూడండి, సులువుగా దిగితే తప్పు పొడవుదే. చిన్న రాడ్ దొరికేదాకా తల కింద ఇంకో వాషర్ వేసుకోవచ్చు. మరీ పొట్టివీ మంచివి కావు, లగ్‌లోకి కనీసం 6 చుట్లు దిగాలి. ఎక్కువ డ్రమ్‌ల రాడ్ మర అంగుళానికి 24 చుట్లు, అంటే ఒక చుట్టుకు మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ. కొన్ని కంపెనీలది వేరే మర కాబట్టి కొత్త రాడ్లు కొనేటప్పుడు పాతది జేబులో వేసుకుని పొండి.

ఊరేగింపు వాళ్లకు ఈ లెక్కలు సగం పనికిరావు. మీరట్ నుంచి వచ్చే సైడ్ డ్రమ్‌లు చాలావాటికి అసలు లగ్గే ఉండదు. పై రిమ్ నుంచి కింది రిమ్ దాకా ఒకే పొడవు రాడ్ పోతుంది. తేలిక, చవక, వంగితే లేతు మిషన్ దగ్గర కొత్తది చేయిస్తారు. రెండు హెడ్‌లను విడివిడిగా ట్యూన్ చేయలేరు, అంతే. బ్యాండు మేళానికి అది లోటు కాదు. వాళ్ల అసలు శత్రువు గులాలు. వినాయక నిమజ్జనం రోజు రంగుపొడి, చెమట, నీళ్లు కలిసి మరల్లో పేస్టులా పట్టి, నాలుగు రోజుల్లో గట్టిపడి తుప్పు పట్టిస్తాయి. ఊరేగింపు మర్నాడే రాడ్లన్నీ తీసి, పాత టూత్‌బ్రష్‌తో కిరసనాయిల్ పెట్టి కడిగి, ఆరాక సన్నగా గ్రీజు రాయాలి. నూనె పోస్తే దుమ్ము ఇంకా పడుతుంది.

రిమ్‌షాట్‌లు (కర్ర హెడ్‌కూ రిమ్‌కూ ఒకేసారి తగిలే దెబ్బ) ఎక్కువ కొట్టేవాళ్లకు కర్ర తగిలే చోట రెండు రాడ్లు వదులవుతూ ఉంటాయి. ఇది బాక్స్ లగ్‌లోనూ వస్తుంది, ట్యూబ్ లగ్‌లోనూ వస్తుంది. ఆ రెండు రాడ్ల మరకు మాత్రం ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు ఒకటిన్నర చుట్టు వేస్తే చాలు.

దుమ్ము, ఎండ, పదిమంది చేతులు మారే చర్చి సెట్‌కైతే కదిలే నట్టున్న బాక్స్ లగ్‌లే మేలు. సొంతంగా ఒక్క మంచి స్నేర్ కొనుక్కుని, రిమ్‌ను జాగ్రత్తగా చూసుకునేవాళ్లు ట్యూబ్ లగ్ తీసుకోవచ్చు. ఏది కొన్నా అదే దుకాణంలో నాలుగు రాడ్లు, పది వాషర్లు, రెండు కీలు, బాక్స్ లగ్ అయితే ఒక విడి లగ్ కూడా అడిగి తెచ్చుకోండి. వేసవి మొదట్లో ఒకసారి హెడ్‌లు తీసి, లోపలి స్క్రూలు ఎండకు చెక్క ఆరి వదులయ్యాయేమో స్టార్ స్క్రూడ్రైవర్‌తో చూసి, చేతికి అడ్డు తగిలేంతవరకే బిగించాలి.