ఎక్కుడు మీద గూడ్సు బండికి ఏది మేలు: ముందు లాగడమా, వెనక నెట్టడమా, సొరంగమా?

జోలార్‌పేట దాటి బెంగళూరు వైపు పోయే రైల్లో కూర్చున్నవాళ్లకు నేల లేస్తున్న సంగతి పెద్దగా తెలీదు. పచ్చూరు, మల్లనూరు మీదుగా మన కుప్పం చేరేలోగా పట్టాలు రెండు వందల మీటర్లకు పైగా పైకెక్కుతాయి. ప్యాసింజర్ బండికి అదొక లెక్క కాదు. బొగ్గు నింపుకున్న 58 వ్యాగన్ల గూడ్సుకు మాత్రం అదే అసలు పరీక్ష. ఇలాంటి ఎక్కుడు మీద అదనపు ఇంజిన్‌ను ఎక్కడ కట్టాలన్నది రైళ్లంటే ప్రాణమిచ్చే మా తిరుపతి మిత్రుల మధ్య ఎప్పటికీ తెగని వాదం. నా పక్షం చెప్తాను.

ముందు లెక్క చూద్దాం. నిండిన వ్యాగన్ ఒక్కోటి 80 టన్నుల పైమాటే. 58 కలిపితే దాదాపు 4,700 టన్నులు. చదును పట్టాల మీద ఇంత బరువును మెల్లగా నడిపించడానికి పది, పదిహేను టన్నుల లాగుడు చాలు. అదే నూరు మీటర్లకు ఒక మీటరు లేచే చోట, ఎక్కుడు ఒక్కదానికే ఇంకో 47 టన్నులు కావాలి. గూడ్సులు లాగే మన కరెంటు ఇంజిన్ డబ్ల్యూఏజీ-9 బయలుదేరేటప్పుడు గట్టిగా లాగితే వచ్చేది సుమారు 47 టన్నులే. అంటే ఒక ఇంజిన్ చాలదు. ముంబై దగ్గర కసారా, కర్జత్ ఘాట్లలోనూ, గోవా దగ్గర బ్రగాంజా ఘాట్‌లోనూ 37 మీటర్లకు ఒక మీటరు లేస్తుంది. అక్కడ ఇదే బండికి ఎక్కుడు ఖాతాలోనే 127 టన్నులు.

అయితే ఇంజిన్లన్నీ ముందే కట్టేస్తే సరిపోదా అంటారు. సులువు నిజమే. రెండు మూడు ఇంజిన్లు కేబుల్‌తో కలిపితే ఒకే లోకో పైలట్ నడిపిస్తాడు. కొత్తవలస–కిరందుల్ లైన్లో ఇనుప ఖనిజం బండ్లను అలా మూడేసి ఇంజిన్లు లాగడం ఎందరో చూసిందే. తంటా అంతా కప్లింగ్‌తోనే, అంటే ఒక వ్యాగన్‌ను ఇంకోదానికి కలిపే కొక్కెంతోనే. ఇంజిన్ వెనకున్న మొదటి కప్లింగ్ మొత్తం బండి బరువును మోయాలి. రేణిగుంట యార్డులో గూడ్సు కదిలేటప్పుడు నిలబడి వినండి: టక్, టక్, టక్‌మంటూ ఒక్కో కప్లింగే బిగుసుకుంటూ ఆ చప్పుడు వెనక్కి పరుగెడుతుంది. ఆ కొక్కేల్లో ఒకటి ఘాట్ మధ్యలో విరిగిందనుకోండి, బ్రేకు పైపు తెగి గాలి పోయి బండి రెండు ముక్కలూ వాటంతట అవే ఆగుతాయి. అంతవరకూ క్షేమమే. తర్వాత కొక్కెం మార్చాలి, పైపు కలపాలి, మళ్లీ గాలి నింపాలి. అంతసేపూ లైన్ మూతే.

అందుకే బ్యాంకర్. చెరకు బండి గట్టెక్కేటప్పుడు వెనక ఇద్దరు భుజం పెట్టినట్టు, బండి తోకకు తగిలించే ఇంజిన్ ఇది. ఉద్యోగ విరమణ చేసిన ఒక లోకో పైలట్‌ను, ‘మామా, వెనక నుంచి నెడితే ముందు కప్లింగ్‌కు ఏం ఒరిగింది?’ అని అడిగాను. ‘ముందరది లాగతాది, వెనకది నెడతాది. నడిమధ్యన ఒక కప్లింగు లాగుడూ లేకుండా నెట్టుడూ లేకుండా వదులుగా ఉంటాది రా. ఆ చోటు ఏడుందో చేతికి తెలిసినోడే డ్రైవరు’ అన్నాడు. నాకు బ్యాంకర్ సంగతి అర్థమైంది ఆ మాటతోనే. భారం రెండు వైపుల నుంచీ పంచుకోవడం వల్ల ఏ కప్లింగ్ మీదా మొత్తం బరువు పడదు. ఇంకో మేలు కూడా ఉంది: బండి మధ్యలో తెగినా వెనక ముక్క కిందికి జారకుండా అక్కడ ఇంజిన్ కాపలాగా ఉంటుంది.

నష్టాలూ ఉన్నాయి. వెనక రెండో సిబ్బంది కావాలి. ఈల, వాకీటాకీల మీద ఇద్దరి తాళం కలవాలి. ముందాయన బ్రేకు వేసినా వెనకాయన నెడుతూనే ఉంటే వంపుల దగ్గర వ్యాగన్లు ఒత్తుకుపోతాయి, ఖాళీ వ్యాగనైతే పట్టాల మీంచి లేచిపోవచ్చు. బండికి తగిలించడానికీ, పైన విప్పడానికీ సమయం పోతుంది. పని ముగిశాక ఒంటరిగా కిందికి దిగే ఆ ఇంజిన్‌కూ లైన్ ఇవ్వాలి.

2020లో పట్టాలెక్కిన 12,000 హార్స్‌పవర్ గూడ్సు ఇంజిన్ డబ్ల్యూఏజీ-12తో ఈ గొడవే ఉండదనేవాళ్లున్నారు. ఒప్పుకోను. ఎక్కుడు మీద హార్స్‌పవర్ కంటే చక్రం పట్టు ముఖ్యం. పైగా అది ముందున్నంత కాలం మొదటి కప్లింగ్ కష్టం అలాగే ఉంటుంది.

నాకు బాగా నచ్చిన కొత్త పద్ధతి రేడియోది. ఇంజిన్లను బండి మధ్యలోనో చివరో ఉంచి ముందున్న పైలటే రేడియోతో నడిపిస్తాడు. 2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే మూడు రేకులు, అంటే మూడు బండ్ల వ్యాగన్ల వరుసలు, కలిపి 177 వ్యాగన్లతో త్రిశూల్, గరుడ బండ్లు నడిపింది. గరుడ బయలుదేరింది మన గుంతకల్ డివిజన్లోని రాయచూరు నుంచే. అంత పొడుగు బండికి బలాన్ని పంచే పద్ధతి వరమే. ఒక్క ఘాట్ కోసమైతే దండగ, ఎందుకంటే మిగతా వందల కిలోమీటర్లూ ఆ ఇంజిన్ పని లేకుండా వెంట తిరగాలి.

ఇక సొరంగం. ఓబులవారిపల్లె–కృష్ణపట్నం లైన్ కోసం వెలుగొండల్లో చెర్లోపల్లి, రాపూరు మధ్య 6.6 కిలోమీటర్లు తవ్వారు, 2019లో తెరిచారు. గూడ్సులు రేణిగుంట–గూడూరు చుట్టు తిరిగే అవసరం తప్పింది. కొత్త లైన్ వేసేచోట నేను సొరంగానికే ఓటేస్తాను. కసారా, కర్జత్ ఘాట్లలోనూ నూటికి ఒకటి వాలుతో కొత్త లైన్ల ప్రతిపాదన ఉంది. అది కడితే కొన్ని తరాల పాటు అదనపు ఇంజిన్ ఖర్చు తప్పుతుంది.

కుప్పం ఎక్కుడు అలాంటిది కాదు. ఉన్న జంట లైన్ మీద, కొద్ది దూరం ఎక్కుడు కోసం కొండలు తొలచడం అనవసరం. అక్కడ కింద ఒక ఇంజిన్‌ను సిద్ధంగా ఉంచి, వచ్చిన బరువు బండికల్లా తోక పట్టించి పంపడమే మేలు.