ఆర్‌ఎక్స్100: వైడ్‌లో ఒక కెమెరా, జూమ్‌లో ఇంకో కెమెరా

జూమ్ ముట్టుకోకపోతే ఇది ఇప్పటికీ మంచి కెమెరా. ముట్టుకుంటే మామూలు కెమెరా. సోనీ ఆర్‌ఎక్స్100 మొదటి మోడల్‌ను ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం ఇదే.

2012లో వచ్చిన మోడల్ ఇది. తర్వాత అదే పేరుతో మార్క్ 7 దాకా వచ్చాయి. కాబట్టి కొత్తది కొనేవాళ్లకంటే, సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికింది, తీసుకోనా మాననా అనుకునేవాళ్లకే ఈ సమీక్ష ఎక్కువ పనికొస్తుంది. మాది పర్లాకిమిడి. ఉండేది ఒడిశాలోనే అయినా ఇంట్లో తెలుగే, చుట్టాల్లో సగంమంది పాతపట్నం, టెక్కలి వైపు వాళ్లు. నేను ఎక్కువగా తీసేది ఇంటి శుభకార్యాలు, కొండల మీద తిరుగుళ్లు, మా బావ కొట్టులో అమ్మే కొమ్ము బొమ్మలు (పశువుల కొమ్ముతో చేసేవి). పక్షులూ క్రికెట్టూ తీసేవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు, ఇది మీ కెమెరా కాదు.

ముందు జూమ్ సంగతి. లెన్స్ 35 ఎంఎం ఫిల్మ్ కెమెరా లెక్కలో 28 మిల్లీమీటర్ల నుంచి 100 దాకా వెళ్తుంది. వైడ్‌లో, అంటే ఎక్కువ వెడల్పు కనిపించే 28 దగ్గర, ఎపర్చర్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రం) ఎఫ్1.8. 100కి వచ్చేసరికి ఎఫ్4.9. ఈ అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. అంటే లోపలికొచ్చే వెలుగు ఏడో వంతుకు పడిపోతుంది. ఆ లోటు పూడ్చాలంటే ఐఎస్ఓ (కెమెరా వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) అన్ని రెట్లు పెరగాలి, లేదా షట్టర్ అంత నెమ్మదించాలి. పట్టపగలు ఆరుబయట ఈ తేడా తెలియదు. ఇంట్లోకి వస్తే బాగా తెలుస్తుంది.

గుణుపురం దాటి సవర ఊళ్లకు వెళ్తే, ఇళ్లలో ఎర్రమట్టి పూసిన గోడల మీద తెల్లగా వేసిన ఇడితాల్ బొమ్మలు కనిపిస్తాయి. అవి పూజకు సంబంధించినవి, ఇంటివాళ్లు సరేనంటేనే తీయాలి. ఫ్లాష్ వేయడం నాకు మనసొప్పదు. వెలుగు వచ్చేది గుమ్మం లోంచే. వైడ్‌లో ఐఎస్ఓ 800, షట్టర్ 1/30 సెకను పెడితే గోడ గరుకు, తెల్లగీతల అంచులు అన్నీ దక్కుతాయి. అదే షట్టర్‌తో జూమ్ చివర తీయాలంటే ఐఎస్ఓ దాదాపు 6000 కావాలి, ఈ కెమెరా మామూలు పరిధే 6400. పైగా జూమ్‌లో చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. నాలుగడుగులు ముందుకు వేయడమే మేలు.

మరి ఈ కెమెరాలో అందరూ గొప్పగా చెప్పుకునే సెన్సర్ (వెలుగును ఫొటోగా మార్చే పలక) ఏం చేస్తోంది? దాని పని అది బాగానే చేస్తోంది. 13.2 × 8.8 మిల్లీమీటర్ల సెన్సర్ ఇది. మామూలు జేబు కెమెరాల్లోని 1/2.3 అంగుళాల సెన్సర్‌కు వైశాల్యంలో సుమారు నాలుగు రెట్లు, డీఎస్‌ఎల్‌ఆర్‌లలోని ఏపీఎస్-సీలో సుమారు మూడో వంతు. ఫొటోలు కూడా అలాగే ఆ రెంటికీ మధ్యలో ఉంటాయి. ఐఎస్ఓ 125లో నీడల్ని ఎంత పైకి లాగినా మచ్చలు రావు. 1600 దాకా నిశ్చింతగా వాడతాను. 3200 అయితే చిన్న ప్రింటుకే. కెమెరాయే తయారుచేసి ఇచ్చే జేపెగ్ ఫొటోల్లో నాయిస్ (మచ్చలు) తగ్గించే సెట్టింగును తక్కువలో పెట్టుకోండి. లేకపోతే జుట్టు, మీసం, నేతచీర పోగులు ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. కాస్త నాయిస్ ఉన్న ముఖం నున్నగా తుడిచేసిన ముఖం కంటే నయమని నా లెక్క.

కొమ్ము బొమ్మలు ఈ కెమెరాకు అసలు పరీక్ష. నల్లగా నిగనిగలాడే కొంగ, రొయ్య. కిటికీ వెలుగు ఎక్కడ తగిలితే అక్కడ తెల్లగా మెరుస్తుంది, మిగతాదంతా చీకటి. ఆటో మోడ్‌లో తీసింది చూపిస్తే మా బావ "ఏటి, బొమ్మ బొగ్గుముక్కలా ఉంది?" అన్నాడు. మెరుపుల్ని కాపాడుకోవడానికి ఎక్స్‌పోజర్‌ను (ఫొటో వెలుగును) 0.7 మెట్టు తగ్గించి, రా ఫైల్‌లో (కెమెరా ఏ మార్పులూ చేయకుండా ఇచ్చే ఫైల్‌లో) తీసి, నీడల్ని కంప్యూటర్‌లో పైకి లాగితే కొమ్ములోని గోధుమరంగు చారలు కూడా బయటికొచ్చాయి. కిటికీకి పల్చటి తెల్లపంచె కడితే మెరుపు ఇంకా మెత్తబడింది. ఇక్కడ చిన్న సెన్సర్ వల్ల ఒక లాభం కూడా ఉంది. ఎఫ్5.6 పెడితే ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మంత సెన్సర్ ఉన్న) కెమెరాలో ఎఫ్15 పెట్టినంత లోతు ఫోకస్‌లో ఉంటుంది. కొంగ ముక్కు నుంచి తోక దాకా స్పష్టంగా వస్తుంది. ఎఫ్8 దాటించకండి, డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది.

దగ్గరి ఫొటోలతోనే చికాకు. వైడ్‌లో 5 సెంటీమీటర్ల దాకా వెళ్లొచ్చు, కానీ అంత దగ్గరికెళ్తే కెమెరా నీడ బొమ్మ మీదే పడుతుంది, కొంగ ముక్కు గునపమంత అవుతుంది. జూమ్ చివర కనీస దూరం 55 సెంటీమీటర్లు, చిన్న రొయ్య ఫ్రేములో ఓ మూలకు సరిపోతుంది. నేను జూమ్‌ను మధ్యలో 50 దగ్గర ఆపి, కొంచెం వెనక్కి జరిగి, తర్వాత కత్తిరించుకుంటాను. 20 మెగాపిక్సెళ్లు నాకు నిజంగా అక్కరకొచ్చేది అప్పుడే.

ప్రింటులో చూస్తే ఇంకా నమ్మకం కలుగుతుంది. 5472 × 3648 పిక్సెళ్లంటే 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) సుమారు 18 × 12 అంగుళాలు, సరిగ్గా పెళ్లి ఆల్బం పేజీ కొలత. మంచి వెలుగులో వైడ్‌లో తీసినవి ఆ సైజులో వేయిస్తే పెద్ద కెమెరాతో తీసిన ఫొటోల పక్కన సిగ్గుపడకుండా నిలబడ్డాయి. ఎఫ్1.8లో మూలలు కొంచెం మెత్తగా ఉంటాయి, ఎఫ్4కి సర్దుకుంటాయి. గ్రూప్ ఫొటోలో మాత్రం అంచుల్లో నిలబడ్డవాళ్ల ముఖాలు వెడల్పుగా సాగుతాయి. 28 మిల్లీమీటర్లలో ఏ లెన్సుకైనా అది తప్పదు. పెద్దమ్మల్ని, అత్తయ్యల్ని మధ్యలో నిలబెట్టండి, తర్వాత మాట పడనక్కర్లేదు.

రంగుల్లో ఎరుపు నాకు నచ్చదు. ఎర్ర పట్టుచీర మీద ఎండ పడితే మడతలన్నీ కలిసిపోతాయి, శాచురేషన్ (రంగుల గాఢత) ఒక మెట్టు దించుకుంటే బాగుంటుంది. నీలం టార్పాలిన్ పందిరి కింద ఆటో వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగును) నమ్మొద్దు. పెళ్లికొడుకు తెల్లపంచె చూపించి కస్టమ్ బ్యాలెన్స్ పెట్టుకుంటే ముఖాలు మనుషుల రంగులోకి వస్తాయి. ఫ్లాష్‌ను వేలితో వెనక్కి వంచి పట్టుకుంటే వెలుగు పైకెళ్తుంది. సున్నం వేసిన డాబా కింద అది చాలా బాగా పనిచేస్తుంది. రేకుల ఇంట్లో లాభం లేదు.

మహేంద్రగిరి కొండ మీద, 1501 మీటర్ల ఎత్తులో, పొగమంచులో తీసిన గుళ్ల ఫొటోలు నీరసంగా వచ్చాయి. కాంట్రాస్ట్ కాస్త పెంచితే రాతి గరుకు తేలింది. వీడియో 1080 వరకే, దాని గురించి చెప్పేదేం లేదు.

ఫోన్ చాలదా అని అందరూ అడుగుతారు. రాత్రి కదలని దృశ్యమైతే చాలు, ఇప్పటి ఫోన్లు చాలా ఫ్రేములు కలిపి ఇంతకంటే శుభ్రంగా ఇస్తున్నాయి. ఆడే పిల్లలు, నూనె దీపం వెలుగులో ముఖాలు, పెద్ద ప్రింట్లు అయితే నేను ఇంకా దీన్నే జేబులో వేసుకుంటాను.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు కెమెరా తెర చూసి మురిసిపోకండి. ఆ 3 అంగుళాల తెర మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. ఎఫ్11 పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఒకటి, ఎఫ్1.8లో ఇటుకగోడను ఎదురుగా నిలబడి ఒకటి తీసి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూడండి. ఆకాశంలో బూడిదరంగు చుక్కలుంటే లోపలికి దుమ్ము చేరినట్టు. గోడ ఫొటోలో ఒకవైపు మూలలు మాత్రమే మసకగా ఉంటే లెన్స్ పక్కకు జరిగినట్టు. దుమ్మైతే ధర తగ్గించమని అడగొచ్చు, లెన్స్ జరిగితే వదిలేయండి.